వజీరిస్తాన్ బిల్లులు

బిల్లులు ఆపడం నా ఉద్యోగం. షార్జాలో ఒక నిర్మాణ కంపెనీలో అకౌంట్లు చూసేవాణ్ణి. ఓచరు లేని ఖర్చు, సంతకం లేని ఓచరు, తేదీ కొట్టేసి మళ్లీ రాసిన రసీదు నా బల్ల దాటి వెళ్లేవి కావు. సైటు ఇంజనీర్లు నన్ను చూస్తే మొహం తిప్పుకునేవారు. ఆ జబ్బు ఎంత ముదిరిందంటే, ఎవరైనా కష్టం చెప్పుకుంటుంటే ‘దీనికి కాగితం ఉందా’ అని లోపల అనుకునేవాణ్ణి. పైకి అనేసిన సందర్భం కూడా ఒకటి ఉంది.

2009లో మేం నలుగురం తెలుగువాళ్లం ఆఫీసుకు వెళ్లిరావడానికి నెల లెక్కన ఒక కారు మాట్లాడుకున్నాం. డ్రైవరు మెహ్‌సూద్ తెగ మనిషి, యాభై దాటినవారు. పాకిస్తాన్‌లో అఫ్గాన్ సరిహద్దున ఉన్న దక్షిణ వజీరిస్తాన్‌లో, మకీన్ దగ్గర ఒక ఊరు ఆయనది. మేం ఖాన్ సాబ్ అనేవాళ్లం. నా ఉర్దూ హైదరాబాదులో డిగ్రీ చదివిన మూడేళ్లలో అంటుకున్నది కాబట్టి నన్ను హైదరాబాదీ భాయ్ అనేవారు. మాది రంపచోడవరం అని చెప్పి చూశాను. ఆ పేరు ఆయన నోట తిరగలేదు.

ఒకరోజు ఊరి సంగతులు అడుగుతుంటే ఆయన “మాది ఏజెన్సీ” అన్నారు. సరిగ్గా విన్నానా అనుకున్నాను. రాజమండ్రి నుంచి గోకవరం దాటి కొండలెక్కితే మా వాళ్లకు అది ఏజెన్సీ, కిందిది మైదానం. వేల కిలోమీటర్ల అవతల పుట్టిన ఒక పష్తూన్ అదే మాటను అదే అర్థంలో వాడుతున్నాడు. కాకతాళీయం కాదది. మామూలు కోర్టులూ చట్టాలూ వర్తించకుండా ఒక ఏజెంటు చేతిలో పెట్టి ఏలే ప్రాంతానికి తెల్లదొరలు పెట్టిన పేరు. గంజాం, విశాఖ మన్యాలకు 1839లోనే అలాంటి చట్టం చేశారు. 1874 నాటి షెడ్యూల్డు జిల్లాల చట్టం జాబితాలో మన మన్యంతో పాటు పెషావర్, కోహాట్, బన్నూ జిల్లాలు కూడా ఉన్నాయి. వాటి అవతలి కొండల్లో పొలిటికల్ ఏజెంటు ఉండేవాడు. మా కొండల్లో ముఠాదారు, వాళ్ల కొండల్లో మలిక్ అనే తెగ పెద్ద. ఇద్దరి పనీ ఒకటే. కొండవాళ్లు కదలకుండా చూడాలి, అందుకు సర్కారు నుంచి కొంత ముట్టాలి.

మలిక్‌కు వ్యక్తిగతంగా ఇచ్చే భత్యాన్ని అక్కడ లుంగీ అంటారు. “మా మేనమామకు సర్కారు లుంగీ వచ్చేది” అని ఖాన్ సాబ్ గర్వంగా చెబితే మేం నలుగురం పగలబడి నవ్వాం. పాపం, ఆయనకు ఎందుకో అర్థం కాలేదు. అక్కడ లుంగీ అంటే తలపాగా. నడుముకు కాక తలకు చుట్టుకునే గౌరవం.

అక్టోబరు మధ్యలో ఆయన మాటలు తగ్గిపోయాయి. సిగ్నలు దగ్గర ఆగినప్పుడల్లా ఫోను తీసి చూసుకునేవారు. 17న పాకిస్తాన్ సైన్యం ‘రాహ్-ఎ-నిజాత్’ పేరుతో మెహ్‌సూద్ ప్రాంతంలోకి దిగింది. ఆ పేరుకు అర్థం విముక్తి మార్గం. ఆయన తల్లి, భార్య, పిల్లలు ఆ మార్గాన్నే నడుచుకుంటూ టాంక్ చేరి, అక్కడి నుంచి డేరా ఇస్మాయిల్ ఖాన్ వెళ్లి ఎవరిదో పశువుల కొట్టంలో తలదాచుకున్నారు.

నవంబరులో ఒక సాయంత్రం, పెట్రోలు బంకు రసీదు వెనకాల ఉర్దూలో రాసుకున్న జాబితా నా చేతిలో పెట్టి, చదివి వినిపిస్తాను, ఇంగ్లీషులో రాసిపెట్టమన్నారు. ఎప్పుడో పరిహారం ఇస్తారని ఎవరో చెప్పారట. గదులు ఆరు. బురుజు ఒకటి. దేవదారు దూలాలు ఇరవై రెండు. కుట్టుమిషను ఒకటి. మేకలు తొమ్మిది, వాటిలో రెండు చూలువి. అక్రోటు చెట్లు పదకొండు. రాస్తూ రాస్తూ అలవాటు కొద్దీ అడిగేశాను. “ఖాన్ సాబ్, వీటికి ఆధారం ఏమిటి?”

ఆయన అద్దంలోంచి నన్ను చూశారు. “చెట్లకు ఆధారం ఏమిటి భాయ్? చెట్లే.”

ఆ రాత్రి నిద్ర పట్టక, ఆయన ఊరి మీద జరుగుతున్న యుద్ధం ఖర్చు ఎవరు భరిస్తున్నారో వెతకడం మొదలుపెట్టాను. అకౌంటెంటుకు దుఃఖం వచ్చినా లెక్కల రూపంలోనే వస్తుంది.

మన కాగ్ లాంటి సంస్థ అమెరికాకు ఒకటి ఉంది, ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం. 2008 జూన్‌లో అది ఇచ్చిన నివేదికను ఒక అకౌంటెంటుగా చదివితే చెమటలు పడతాయి. 2001 తర్వాత తాలిబాన్, అల్‌ఖైదాల మీద పోరుకు పాకిస్తాన్ సరిహద్దులోకి పంపిన సైన్యం ఖర్చును అమెరికా తిరిగి చెల్లించేది. సంకీర్ణ సహాయ నిధి అని దాని పేరు. సహాయం అన్నది పేరులోనే ఉంది, జరిగేది మాత్రం రీయింబర్స్‌మెంటు. ఖర్చు పెట్టామని ఇస్లామాబాద్ బిల్లు పెడుతుంది, వాషింగ్టన్ చెల్లిస్తుంది. అప్పటికి అలా చెల్లించింది 556 కోట్ల డాలర్లు. ఆడిటర్లు పట్టుకున్నవాటిలో గగనతల రక్షణ రాడార్ల నిర్వహణకు 20 కోట్ల డాలర్లకు పైగా ఉంది. వజీరిస్తాన్ గుహల్లో ఉన్నవాళ్లకు విమానాలు ఉన్నట్టు ఎవరూ ఎన్నడూ వినలేదు. రోడ్లు వేశామని 3 కోట్లు, బంకర్లు కట్టామని 1.5 కోట్లు ఇచ్చారు. వేసిన రోడ్డుకు గానీ కట్టిన బంకరుకు గానీ ఆధారం లేదు.

ఆధారం! నేను ఆ సాయంత్రం ఒక ముసలాయన్ను అడిగిన మాట.

అవినీతి జరిగిందని చెప్పి ఇక్కడితో ముగించేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు అది అసలు సంగతిలా కనిపించదు. ప్రతి రాడారు బిల్లూ నిక్కచ్చిగా ఉండి ఉంటే మకీన్ బాగుపడేదా? నా సంశయం బిల్లు మీద కాదు, బిల్లు పెట్టే పద్ధతి మీద. ఒక ప్రభుత్వానికి యుద్ధం చేసినన్ని రోజులకు డబ్బు వస్తుంది, శాంతి వచ్చిన రోజున ఆగిపోతుంది. దీనికి ఎవరికీ దురుద్దేశం అంటగట్టనక్కర్లేదు. పంపిన సైనికుల తలలు లెక్కించి కూలి ఇచ్చే చోట పని ఎప్పటికి పూర్తవుతుందో మేస్త్రీ పని చూసినవాళ్లెవరైనా చెప్పగలరు.

2008 ఏప్రిల్‌లోనే ఆ కార్యాలయం ఇచ్చిన మరో నివేదికలోని ఒక అంకె నన్ను ఇప్పటికీ వదల్లేదు. 2002 నుంచి 2007 వరకు గిరిజన ప్రాంతాలూ సరిహద్దూ లక్ష్యంగా అమెరికా ఖర్చుపెట్టిన దాదాపు 580 కోట్ల డాలర్లలో 96 శాతం సైనిక చర్యల బిల్లులకే పోయింది. 3 శాతం సరిహద్దు భద్రతకు. అభివృద్ధికి 1 శాతం. ఆ ప్రాంతంలో 1998 జనాభా లెక్కల ప్రకారం చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి ముగ్గురు.

ఆ కొండల్లో అసలు లేనిది ఏమిటో చెప్పకపోతే ఈ లెక్క అర్థం కాదు. ఖైబర్, కుర్రం, ఒరక్జై, మొహ్మంద్, బాజౌర్, ఉత్తర దక్షిణ వజీరిస్తాన్‌లు, వెరసి ఏడు ఏజెన్సీలు. వీటిని పాకిస్తాన్ తన సొంత చట్టంతో కాక 1901లో కర్జన్ కాలంలో వచ్చిన సరిహద్దు నేరాల నిబంధనలతో 2018 దాకా ఏలింది. ఆ నిబంధనల కింద ఒకడు తప్పు చేస్తే తెగ మొత్తానికీ శిక్ష. బజారుకు తాళాలు వేయవచ్చు, ఇళ్లు కూల్చవచ్చు, దొరికినవాళ్లను దొరికినట్టు లోపల పెట్టవచ్చు. ఈ సామూహిక శిక్ష నుంచి ఆడవాళ్లకూ పిల్లలకూ ముసలివాళ్లకూ మినహాయింపు ఇచ్చింది 2011లో. అప్పటిదాకా పసిపిల్లలు కూడా నేరస్థులే. ‘న అపీల్, న వకీల్, న దలీల్’ అని జనం దాన్ని పిలిచేవారు. అప్పీలు లేదు, వకీలు లేడు, వాదన లేదు. వయోజనులందరికీ ఓటు మొదటిసారి 1997 ఎన్నికల్లో దక్కింది. అంతకుముందు వేసేది మలిక్‌లే. దేశ రాజ్యాంగంలోని 247వ అధికరణం అయితే సుప్రీంకోర్టుకూ హైకోర్టుకూ కూడా ఆ ప్రాంతం మీద అధికారం లేదని తేల్చేసింది.

మా ఏజెన్సీ స్వర్గమని నేను అనడం లేదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు ఎత్తుకెళ్తే మలబారు పోలీసులనూ అస్సాం రైఫిల్స్‌నూ దింపారు. తర్వాతి కాలంలో ఆ కొండల్లో ఎన్‌కౌంటర్లు ఎన్ని జరిగాయో మా తరం వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. కానీ పక్కనే ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం పేరుతో ఆదివాసుల చేతికే తుపాకులిచ్చి ఆదివాసుల మీదికి తోలినప్పుడు, ఎవరో కోర్టుకెళ్లారు, 2011లో సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. తీర్పు ఎంత అమలైందన్నది వేరే గొడవ. వెళ్లడానికి ఒక తలుపు ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడి ఏజెన్సీల్లో ప్రభుత్వం లష్కర్ల పేరుతో తెగల చేతికి తుపాకులిచ్చి తాలిబాన్ మీదికి పంపుతోంది. అడగడానికి ఏ తలుపూ లేదు.

డాలర్లు దిగింది అలాంటి చోట.

పాకిస్తాన్‌కు ఇది కొత్త కాదు. 1980లో అఫ్గానిస్తాన్‌లోకి రష్యన్లు వచ్చిన కొత్తలో అమెరికా అధ్యక్షుడు కార్టర్ 40 కోట్ల డాలర్లు ఇస్తానంటే పాకిస్తాన్ సైనిక పాలకుడు జియా ఉల్ హక్ ‘పల్లీలు’ అని కొట్టిపారేశాడు. కార్టర్ ఇంటి సేద్యం కూడా పల్లీలే కావడం ఆ ఎత్తిపొడుపులోని రుచి. తర్వాత రీగన్ వచ్చి ఆరేళ్లకు 320 కోట్లు ఒప్పుకున్నాడు. ఆయుధాలు సరిహద్దు కొండల మీదుగానే అవతలికి వెళ్లాయి. ‘మా ఊళ్లో కలాష్నికోవ్ లేని ఇల్లు ఉండేది కాదు, పలక ఉన్న ఇల్లూ ఉండేది కాదు’ అని ఖాన్ సాబ్ ఒకసారి అన్నారు. 1990లో అణుబాంబు కారణం చూపి అమెరికా ఆ సాయం ఆపేసింది. తుపాకులు మాత్రం ఎవరూ వెనక్కి పట్టుకెళ్లలేదు.

2001 తర్వాత మళ్లీ మొదలైనప్పుడు అమెరికాకు కావలసినవి రెండే. కరాచీ రేవు నుంచి అఫ్గాన్ సరిహద్దులోని తోర్ఖం దాకా తన సైన్యానికి సరుకు వెళ్లే దారి. అల్‌ఖైదా మనుషుల జాడ. ఈ రెంటికీ మకీన్ మనిషి సమ్మతి అక్కర్లేదు, రావల్పిండిలో జనరల్ సమ్మతి చాలు. ఒక ప్రభుత్వం తన ప్రజల దగ్గర పన్ను వసూలు చేసి యుద్ధం చేస్తే ఎప్పుడో ఒకప్పుడు వాళ్లకు సమాధానం చెప్పుకోవాలి. బయటివాడి డబ్బుతో చేస్తే బయటివాడికి చెప్పుకుంటే సరిపోతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. విదేశీ సైనిక సాయం తిరుగుబాటుదారుడికన్నా ముందు ప్రభుత్వానికీ కొండకూ మధ్య మిగిలిన కాస్త బంధాన్ని తెంచుతుంది.

2004 మార్చిలో దక్షిణ వజీరిస్తాన్‌లోని వానా దగ్గర సైన్యం దెబ్బతింది. ఏప్రిల్‌లో షకాయిలో ఒప్పందం. కోర్ కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ సఫ్దర్ హుస్సేన్ స్వయంగా వెళ్లి, ముప్పై ఏళ్లు కూడా నిండని నేక్ ముహమ్మద్ అనే తాలిబాన్ నాయకుడితో చేయి కలిపాడు. పూలదండలు మార్చుకున్నారు. పొలిటికల్ ఏజెంటు, మలిక్‌లు, జిర్గా అనే తెగ పెద్దల పంచాయతీ, నూరేళ్లుగా మాటలు నడిపినవాళ్లు, అందరూ పక్కకు జరిగి చూశారు. ఆ దండతో కొండకు ఒక సంగతి తెలిసిపోయింది. ఇక్కడ సర్కారుతో మాట్లాడాలంటే మలిక్ అయి ఉండనక్కర్లేదు, కొంతమంది సైనికుల్ని చంపి ఉంటే చాలు. రెండు నెలలు తిరక్కుండా అమెరికన్ డ్రోను నేక్ ముహమ్మద్‌ను చంపింది. పాకిస్తాన్ గడ్డ మీద అదే మొదటి డ్రోను దాడి. చంపింది తామేనని పాకిస్తాన్ సైన్యం మొదట చెప్పుకుంది.

2005 ఫిబ్రవరిలో సరారోఘాలో బైతుల్లా మెహ్‌సూద్ అనే మరో తాలిబాన్ నాయకుడితో ఇంకో ఒప్పందం. ఆ రోజుల్లోనే, తాము వెతుకుతున్న తాలిబాన్ నాయకులు అల్‌ఖైదాకు పడిన బాకీ తీర్చుకోవడానికి 3.2 కోట్ల పాకిస్తానీ రూపాయలు ఇచ్చామని అదే సఫ్దర్ హుస్సేన్ బీబీసీకి చెప్పాడు. నా ఉద్యోగ జీవితంలో చాలా విచిత్రమైన పద్దులు చూశాను. శత్రువుకు శత్రువు ఇవ్వాల్సిన బాకీ మనం కట్టడం అనే పద్దు ఎక్కడా చూడలేదు.

2007 ఆగస్టులో అదే బైతుల్లా మనుషులు రెండు వందల మందికి పైగా సైనికుల్ని ఒక్క తూటా పేలకుండా పట్టుకుపోయారు. రెండు నెలల తర్వాత, ముషారఫ్ అత్యవసర పరిస్థితి పెట్టిన మరునాడు, ఖైదీలను వదిలి వాళ్లను విడిపించుకున్నారు. డిసెంబరులో పాకిస్తానీ తాలిబాన్ ముఠాల కూటమి, తెహ్రీక్-ఎ-తాలిబాన్ పాకిస్తాన్, పుట్టింది. సరిహద్దు కాపలా దళమైన ఫ్రాంటియర్ కోర్‌లో ఆ కొండల పిల్లలే జవాన్లు. మంచులో చెప్పులతో నిలబడ్డవాళ్లను చూశామని 2007లో అమెరికన్ అధికారులే పత్రికలకు చెప్పారు. వందల కోట్ల డాలర్ల బిల్లులు నడుస్తుండగా, యుద్ధం ముందు వరసలో ఉన్నవాడి కాళ్లకు బూట్లు లేవు.

మలిక్‌లను వేటాడి చంపారు. వందల మందిని. గూఢచారి అని ఒక చీటీ శవం మీద పెట్టేవారు. మలిక్ వ్యవస్థ మీద నాకేమీ మోజు లేదు, ముఠాదార్ల కథలు వింటూ పెరిగినవాణ్ణి. అయినా దాన్ని తీసేస్తే దాని చోట పంచాయతీనో కోర్టునో పెట్టాలి. అక్కడ పెట్టింది చెక్‌పోస్టు. ఖాన్ సాబ్ మేనమామ ఎలా పోయారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. “లుంగీ ఆగిపోయింది” అని మాత్రం ఒకసారి అన్నారు. అప్పుడు మేం నవ్వలేదు.

మిగిలిన జిర్గాలను మరోవైపు నుంచి కొట్టారు. 2011 మార్చి 17న ఉత్తర వజీరిస్తాన్‌లో దత్తా ఖేల్ దగ్గర క్రోమైటు గని తగాదా తేల్చడానికి పెద్దలు ఆరుబయట కూర్చున్నారు. డ్రోను వచ్చింది. నలభై మంది దాకా చనిపోయారు, ఎక్కువమంది తెగ పెద్దలు, ఖాసదార్లు అనే తెగ పోలీసులు. లాహోర్‌లో ఇద్దరిని కాల్చిచంపిన సీఐఏ కాంట్రాక్టరు రేమండ్ డేవిస్‌ను ముందు రోజే పరిహారం కట్టించుకుని వదిలేశారు. ఒక గని పంచాయతీని శాంతంగా కూర్చుని తేల్చుకుందామనుకోవడం ఆ కొండల్లో ఆ నాడు తుపాకీ పట్టుకోవడంకన్నా ప్రమాదమైపోయింది.

ఇక ఆ సాయంతో కొన్న వస్తువులు. ఎఫ్-16 యుద్ధ విమానాల ఆధునికీకరణ. సముద్రం మీద గస్తీ తిరిగే పీ-3సీ ఓరియన్ విమానాలు. వజీరిస్తాన్ నుంచి సముద్రం ఎంత దూరమో పటంలో చూసుకోవచ్చు. 2011 మేలో కరాచీలో మెహ్రాన్ నౌకాదళ స్థావరంలోకి దూరిన తాలిబాన్ రెండు ఓరియన్లను తగలబెట్టారు. ఆ విమానాలు వాళ్లకు ఎదురుపడింది ఆ ఒక్కసారే అయి ఉంటుంది.

ఇక్కడికి వచ్చేసరికి మనవాళ్లలో చాలామంది తృప్తిగా తల ఊపుతారు. పాముకు పాలు పోస్తే ఏమవుతుందో అదే అయింది అంటారు. ముంబయి 26/11 చూసినవాళ్లు ఆ మాట అంటే నేను తప్పుపట్టను. తన మీద తిరగబడ్డ తాలిబాన్ వేరు, అఫ్గానిస్తాన్ మీదికి పనికొచ్చే హక్కానీ ముఠా వేరు అని ఆ సైన్యం లెక్క రాసుకుందన్నది దాచిన రహస్యం కాదు. 2011లో అమెరికా సేనల అధిపతి మైక్ మల్లెన్ సెనెట్ కమిటీ ముందే ఆ మాట అన్నాడు. కానీ పాలు పోసినవాడిని పాము కరిచిన సందర్భాలు తక్కువ. కరిచింది ఎక్కువగా ఆ పుట్ట పక్కన గుడిసె వేసుకున్నవాణ్ణి. తాలిబాన్ మొదట చంపింది పష్తూన్‌లనే. 2014 డిసెంబరు 16న పెషావర్ సైనిక పాఠశాలలో పోయిన పిల్లలు నూటముప్పై మందికి పైనే.

వ్యతిరేక వాదం ఒకటి గట్టిదే ఉంది, దాన్ని దాటేస్తే మోసం. సాయం లేకపోతే 2009లో స్వాత్ లోయను తాలిబాన్ నుంచి తిరిగి తెచ్చుకోగలిగేవారా? 2014 జూన్‌లో ఉత్తర వజీరిస్తాన్‌లో మొదలైన జర్బ్-ఎ-అజ్బ్ అనే సైనిక చర్య సాధ్యమయ్యేదా? రాత్రిపూట చూసే పరికరాలు, హెలికాప్టర్లు, గురి తప్పని బాంబులు ఉపయోగపడ్డాయి, నిజమే. ఆ తర్వాత కొన్నేళ్లు దాడులు బాగా తగ్గాయి, అదీ నిజమే. కానీ వరస చూడండి. ఉత్తర వజీరిస్తాన్‌లోకి వెళ్లమని అమెరికా ఏళ్లతరబడి డబ్బిచ్చి మరీ అడిగింది. వెళ్లలేదు. 2011లో అబోటాబాద్‌లో బిన్ లాడెన్‌ను చంపిన తర్వాత 80 కోట్ల డాలర్లు నిలిపేసింది. అప్పుడూ వెళ్లలేదు. సరిహద్దులోని సలాలాలో నాటో దాడికి 24 మంది పాకిస్తానీ సైనికులు చనిపోతే పాకిస్తాన్ ఏడు నెలలు ఆ సరుకు దారి మూసేసింది. చివరకు వెళ్లింది 2014 జూన్‌లో తాలిబాన్ కరాచీ విమానాశ్రయంలోకి చొరబడ్డ వారం రోజులకు. డబ్బు కొనలేని నిర్ణయాన్ని సొంత భయం తీసుకుంది. ఆ ఆపరేషన్‌లోనూ దాదాపు పది లక్షల మంది ఇళ్లు వదిలి బన్నూ దారి పట్టారు. పాకిస్తాన్ కూడా యుద్ధంలో తన సైనికుల్ని వేలల్లో పోగొట్టుకుంది. ఆ తల్లుల దుఃఖం దగ్గర నాకు వాదన లేదు.

పౌర సాయం గురించి ఒక్క మాట. 2009లో కెర్రీ-లూగర్ చట్టం ఏడాదికి 150 కోట్ల డాలర్ల చొప్పున అయిదేళ్లు ఇస్తానంది, బళ్లకూ ఆసుపత్రులకూ. సైన్యం మీద పౌర ప్రభుత్వానికి పట్టు ఉందో లేదో చూస్తామని షరతు పెట్టింది. కోర్ కమాండర్లు ఆందోళన వ్యక్తం చేస్తూ బహిరంగంగా ప్రకటన ఇచ్చారు. అది సరిగ్గా ఖాన్ సాబ్ కుటుంబం టాంక్ వైపు నడిచిన నెల. ఏడెనిమిదేళ్లు ఏ బిల్లుకూ ఆధారం అడగని ఇంట్లో హఠాత్తుగా లెక్క అడిగితే ఎవరికైనా కోపం రాదూ!

2018 జనవరిలో కరాచీలో నకీబుల్లా మెహ్‌సూద్ అనే వజీరిస్తాన్ కుర్రవాణ్ణి పోలీసులు ఎన్‌కౌంటర్ పేరుతో చంపారు. డేరా ఇస్మాయిల్ ఖాన్ నుంచి ఇస్లామాబాద్‌కు పష్తూన్ కుర్రాళ్లు ఊరేగింపుగా కదిలారు. ముందు మంజూర్ పష్తీన్ అనే యువకుడు. వాళ్లు అడిగినవి చూడండి. మా పొలాల్లో మందుపాతరలు తీయండి. తప్పిపోయినవాళ్లను కోర్టులో హాజరుపరచండి. చెక్‌పోస్టుల దగ్గర మమ్మల్ని అవమానించకండి. సొంత ఊరికి వెళ్లడానికి వజీరిస్తాన్‌వాళ్లు వేరే కార్డు చూపించాల్సి వచ్చేది, దాని పేరు వతన్ కార్డు. ఒక్క డిమాండులో కూడా డాలరు లేదు. ఆ ఉద్యమాన్ని 2024 అక్టోబరులో నిషేధించారు.

అదే 2018 మేలో 25వ రాజ్యాంగ సవరణ వచ్చింది. ఏడు ఏజెన్సీలు జిల్లాలయ్యాయి, ఖైబర్ పష్తూన్‌ఖ్వాలో కలిశాయి, 1901 నిబంధనలు పోయాయి, హైకోర్టు తలుపు తెరుచుకుంది. పార్లమెంటు రెండు సభలూ, ప్రావిన్సు అసెంబ్లీ, రాష్ట్రపతి సంతకం, అంతా కలిపి వారం రోజుల పని. 2002 నుంచి పదిహేనేళ్లలో బిల్లులతో కలిపి అమెరికా పాకిస్తాన్‌కు ఇచ్చినది దాదాపు 3,300 కోట్ల డాలర్లు. ఆ వారం రోజుల పనిని ఆ డబ్బులో ఎవరూ అడగలేదు, ఎవరూ కొనలేదు. చేసిన తర్వాత కూడా, విలీనమైన జిల్లాలకు ఇస్తామన్న నిధులు అరకొరగానే వచ్చాయి. కోర్టు భవనాలు, జడ్జీలు, ఠాణాలు నెమ్మదిగా నడుచుకుంటూ వస్తున్నాయి. తాలిబాన్ మాత్రం 2021లో కాబూల్ చేజిక్కాక పరుగున వచ్చేశారు. అమెరికా అఫ్గాన్ సైన్యానికి ఇచ్చి వదిలేసి వెళ్లిన 700 కోట్ల డాలర్ల పైచిలుకు సామగ్రిలోంచి ఎం-4 తుపాకులు, రాత్రిచూపు అద్దాలు ఇప్పుడు వజీరిస్తాన్ కొండల్లో దొరుకుతున్నాయి. ముందు గుమ్మంలోంచి వచ్చిన సాయం ఆగింది, దొడ్డిదారిన వచ్చింది ఆగలేదు.

నేను 2012లో ఇండియా వచ్చేశాను. ఖాన్ సాబ్ ఇంకో నాలుగేళ్లు కారు నడిపి ఊరు వెళ్లిపోయారు. తర్వాత వాట్సాప్‌లో పలకరించుకునేవాళ్లం. అక్కడ ఇళ్లు పోయినవాళ్లకు పరిహారం పూర్తిగా కూలితే 4 లక్షలు, పాక్షికమైతే 1.6 లక్షలు, పాకిస్తానీ రూపాయల్లో. సర్వేకు వచ్చినవాళ్లు ఆయన ఇంటి ముందు నిలబడి ఆయన ఫొటో తీసుకున్నారు. దేవదారు దూలాలు ఒక్కటీ లేవు, కాబట్టి కప్పు లేదు, కానీ మట్టి గోడలు నాలుగూ నిలబడే ఉన్నాయి. పాక్షికం అని రాసుకున్నారు. నేను రాసిచ్చిన ఇంగ్లీషు జాబితా తీసి చూపిస్తే, ఫారంలో చెట్లకు గడి లేదన్నారట.

ఆ రాత్రి ఆయన నాకు ఫొటోలు పంపారు. నరికేసిన అక్రోటు మొదళ్లు, ఒక్కో ఫొటోలో ఒక్కో మొదలు, పక్కన కొలతకు పెట్టినట్టు ఆయన చెప్పు. లెక్కపెట్టాను. తొమ్మిదే ఉన్నాయి.

మిగతా రెండింటి గురించి అడగలేదు.